బువ్వకు రాండి

మా పుట్టిల్లు కడప దగ్గర. అక్కడ ఇళ్లకు పైన నాపబండలు పరిచేవాళ్లు. వాన పడితే బండల మీద చప్పుడు వినపడేది, అంతే. ఇంటి కప్పు మనిషిని చంపగలదని, పెళ్లయి ఆలూరు పక్కన పల్లెకు కాపురానికి వచ్చేదాకా నాకు తెలియదు. అత్తగారి ఊళ్లో అన్నీ మట్టి మిద్దెలే. దూలాల మీద దంతెలు, వాటి మీద కంప, కంప మీద మన్ను, అన్నిటికంటే పైన చౌడు. చౌడంటే ఉప్పు తేలిన తెల్లటి మన్ను. దాన్ని మందంగా పరిచి దిమ్మిసతో కొడితే చుక్క నీరు కిందికి దిగదు. కాకపోతే ఏటా ఎండాకాలంలో కొత్త చౌడు వేస్తుండాలి.

వానలు లేని ఏళ్లలో ఆ పని ఎవరు చేస్తారు? నేను కాపురానికి వచ్చేనాటికే ఆ ఊరు వరసగా కరువులు చూసింది. ఎద్దులను అమ్ముకున్న ఇళ్లలో బండి లేదు, బండి లేకపోతే చౌడు రాదు. పైగా వానే లేనప్పుడు మిద్దె సంగతి ఎవరికి గుర్తుంటుంది. గాలికి చౌడు లేచిపోయి మిద్దెల మీద పగుళ్లు నోళ్లు తెరుచుకుని ఉండేవి. కర్నూలు రాజధాని అయిందని అందరూ గొప్పగా చెప్పుకుంటున్న రోజులవి. మా వీధిలో ఒకాయన, "కర్నూలుకు మంత్రులొచ్చినారంట, మోడమే రాలేదు" అని రోజూ అనేవాడు. మోడమంటే మబ్బు. రోజూ అన్నా జనం రోజూ నవ్వేవాళ్లు. నవ్వడానికి ఇంకేమీ లేదు మరి.

మా మామ మాత్రం ఆ కరువులో వాన గురించి భయపడేవాడు. ఆయన చిన్నప్పుడు ముసురు పట్టిన రోజుల్లో మిద్దె కూలి వాళ్లమ్మ దాని కింద పోయిందట. అందుకే చేతిలో కాస్త ఉన్నప్పుడు బేతంచెర్ల నుంచి బండలు తోలించి మా ముందరి సాలకు, అంటే వీధి వైపు పెద్ద గదికి, పైన పరిపించాడు. ఊళ్లో బండలు కప్పిన సాల అదొక్కటే. ఆ ఎండాకాలం ఆయన వీధి వాళ్లందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి, ఉన్న రెండు మూడు బండ్లతో అందరి మిద్దెలకూ వంతులవారీగా చౌడు తోలుకుందామన్నాడు. దంతెలు వంగిన ఇళ్లకు కింద గుంజలు ఆనిద్దామన్నాడు. గడ్డపారలు, పారలు, గంపలు ఒకచోట పెట్టుకుందామన్నాడు.

"తాగను నీళ్లు లేవు గానీ, మిద్దె తడుస్తాదని గుంజలు పెడ్తాండావా మామా? నీ నోటిచలవతో వానన్నా వస్తాదేమో సూద్దాం పా" అన్నాడు మంత్రుల మాట చెప్పే ఆయన.

ఎగతాళి చేస్తూనే పనిలోకి వచ్చారు. వేరే పనే లేదు గనక వచ్చారని మా అత్త అనేది. ఏదైతేనేం, చాలా మిద్దెలకు చౌడు పడింది. వీధి చివరి ఇళ్లకు పడలేదు. అంతలో మిగిలిన ఎద్దులకు మేత అయిపోయి, వాటిని కూడా అమ్మేశారు.

ఆ వీధి చివరి ఇళ్లలో ఒకటి మా వదినది. వదినంటే నా భర్తకు అక్క, మా అత్తామామలకు ఒక్కగానొక్క కూతురు. ఉన్న ఊళ్లోనే ఇచ్చారు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ ఊరి మాట నాకు, నా మాట ఆ ఊరికి నవ్వులాటగా ఉండేది. నన్ను చూసి నవ్వని ఒకే ఒక మనిషి మా వదిన. బావి దగ్గర నా బిందె కూడా తనే తోడి నా నెత్తికెత్తేది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే అలవాటు మాలో లేదు.

వదిన భర్త ఆ ఏడు ఊళ్లో లేడు. చుట్టాల ఊరికి పోయాడని చెప్పుకున్నారు. నిజానికి తుంగభద్ర కాలువ తవ్వే పనికి కూలికి పోయాడు. సొంత పొలమున్న రెడ్డి కూలికి పోయాడంటే ఊళ్లో తలెత్తుకోలేమని వదినా, వాళ్లత్తా ఆ సంగతి దాచారు. అందరికీ తెలుసు, తెలియనట్టే అందరూ "మీ ఆయప్ప చుట్టాలూరి నుండి ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగేవాళ్లు. మర్యాదంటే అక్కడ అదే. ఇంట్లో వదిన, నాలుగైదేళ్ల కూతురు, ఉయ్యాలలో మగబిడ్డ, మంచంలో ముసలి అత్త ఉండేవాళ్లు.

మామ వీధి వాళ్లను కూర్చోబెట్టిన రోజు మా వాకిట్లో తేలని సంగతి ఒకటే మిగిలింది. ముసురు పట్టి మిద్దె తడిసి నెమ్మెక్కితే జనాన్ని బయటికి పిలవాలి కదా, ఏమని పిలవాలి? మామ, "మిద్దె కూలుతాది, బయటికి రాండి అని కేకేస్తే సరిపాయ" అన్నాడు.

ఒక పెద్దాయన చెవులు మూసుకున్నాడు. "ఏమప్పా, మతుండే మాట్లాడ్తాండావా? దీపం పెట్టే యాళకు ఇంటి ముందర నిలబడి కూలుతాదని అరుస్తావా? తథాస్తు దేవతలు తిరుగుతాంటారు. అనిందే జరుగుతాది. వద్దు, ఆ మాట వద్దు."

అందరూ ఆయన పక్షమే. ఆ ప్రాంతంలో దీపాలవేళ పామును పామనరు, పురుగంటారు. అలాంటిచోట కూలుతుందనే మాటకు చోటెక్కడ? మరి ఏమనాలని కాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరకు మంత్రుల మాట చెప్పే ఆయనే, "బువ్వకు రాండి అని పిలువు మామా. ఈ కరువులో యాడున్నోడు ఆడనుండి ఉరికొస్తాడు" అన్నాడు. వాకిలంతా ఒకటే నవ్వు. నవ్వి నవ్వి అదే ఖాయం చేశారు. ముసురులో ఎవరైనా వచ్చి బువ్వకు పిలిస్తే పిల్లాజెల్లాతో లేచి మా సాలలోకి వచ్చేయాలి. ఎవరి ఇంట్లో వాళ్లు చెప్పుకోవాలి.

లోపల రొట్టెలు కాలుస్తున్న నాకూ మా అత్తకూ ఆ నవ్వు వినపడింది గానీ మాట వినపడలేదు. తర్వాత మామ చెబితే తెలిసింది. కొందరు మగవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, కొందరు నవ్వి మరిచిపోయారు. వదిన ఇంట్లో చెప్పడానికి మగదిక్కే లేదు. కూతురే కదా, చెబుదాంలే అని మామ అనుకున్నాడు. ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు, తొందరేముంది?

వాన వచ్చింది. ఆ సంతోషం చెప్పకుండా ఆ తర్వాతిది చెబితే అన్యాయం. మొదటి చినుకులకు మగవాళ్లు వీధిలో చొక్కాలు విప్పి నిలబడ్డారు. ముసలివాళ్లు అరచేతుల్లో పట్టుకుని కళ్లకద్దుకున్నారు. మా అత్త అరుగు మీద కూర్చుని ఏడ్చింది. వాన వెలవకుండా పగలూ రాత్రీ సన్నగా పడుతూనే ఉంది. పొలంలో గట్లు తెగితే ఏళ్ల తరబడి ఎదురుచూసిన నీళ్లు వంకపాలవుతాయని ఊళ్లో మగవాళ్లంతా పారలు భుజాన వేసుకుని పొలాలకు పోయారు. మామా, నా భర్తా కూడా పోయారు. వాళ్లు పోయాక వంక పొంగింది. ఆ ఒడ్డున వాళ్లు, ఈ ఒడ్డున మేము. మిద్దెలు తడిసే వేళకు వీధిలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే మిగిలారు. ఆ వాకిట్లో కూర్చుని ఏర్పాట్లు చేసిన మగవాళ్లలో ఒక్కడికీ ఈ ఆలోచన రాలేదు. నాకు ఇప్పటికీ మండుతుంది.

పోయేముందు మామ అత్తతో, "మిద్దెలు ఉరవడం మొదలైతే వీధంతా బువ్వకు పిలువు" అని చెప్పి పోయాడు. మరుసటి సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ పైనుంచి బురదనీళ్లు కారడం మొదలైంది. అత్త గోనెసంచి నెత్తిన కప్పుకుని బయల్దేరింది. నన్ను రొట్టెలు కాల్చమంది.

"నిజంగా బువ్వ పెట్టల్లనా అత్తా? ఊరికే పిలిచే మాటే కదా" అన్నాను.

"బువ్వకని పిలిచి వట్టి చేతులు చూపించేదా? కాల్చు" అంది.

ఉన్న జొన్నపిండంతా తీశాను. రెండు ఇళ్ల వాళ్లు వచ్చారు. వాళ్ల మగవాళ్లు చెప్పి ఉన్నారు కాబట్టి వచ్చారు. మిగతా ఇళ్ల వాళ్లు రాలేదు. ఎందుకు వస్తారు? కరువులో ఒకరింటికి బువ్వకు పోవడమంటే మా ఇంట్లో గింజ లేదని చాటింపు వేసుకోవడమే. పిలిస్తే ఉన్నవాళ్లు వెళ్తారు గానీ, లేనివాళ్లు చచ్చినా వెళ్లరు. ఆ రోజుల్లో గంజి పోసే చోటికి కూడా మా వాళ్లు పోలేదు, అరుగుల మీద కూర్చుని కడుపు నిండినవాళ్లలా పళ్లు కుట్టుకునేవాళ్లు. అట్లాంటి మనుషులను బయటికి రప్పించడానికి మగవాళ్లు ఏరి కోరి పెట్టుకున్న మాట అది.

అత్త ఒక్కో గడప దగ్గరా ఆగి పిలిచింది. ఒక్కో గడప దగ్గరా, "అయ్యో, ఇప్పుడే తింటిమి పెద్దమ్మా" అన్నారు. అర్థం కావాలని అత్త మళ్లీ మళ్లీ పిలిస్తే వాళ్లు ఇంకా నొచ్చుకున్నారు. వీధి చివర కూతురి ఇంటి ముందు నిలబడేసరికి చీకటి పడుతోంది. గూట్లో దీపం వెలుగుతోంది. అక్కడ మాట్లాడుకున్న మాటలు అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పొల్లుపోకుండా నాకు నోటికొచ్చాయి.

"పిల్లోళ్లను తీసుకొని బువ్వకు రామ్మా. మీ అత్తను గూడా పిల్చుకొని రా."

"ఇప్పుడే తింటిమి మా."

"తింటే తిన్నారు లేమ్మా. ఇంగ రెండు ముద్దలు తిందురు రాండి. మిద్దె ఉరుస్తాందా?"

"ఆడాడ ఉరుస్తాంది. గిన్నెలు పెట్టినా."

లోపలి నుంచి ముసలామె ఎవరని అడిగింది. మా అమ్మ బువ్వకు పిలుస్తాందని వదిన చెప్పింది.

"యాల? మనింట్లో పొయ్యి రాజలేదని ఎవురన్నా చెప్పినారా యేం?" అంది ముసలామె.

ఆ మాటతో వదిన మొహం మాడిపోయింది. గొంతు తగ్గించి తల్లితో, "రేపొస్తాంలే మా. నువ్వు శానా తడుస్తాండావు, పో" అంది.

అత్త ఇంకాసేపు అక్కడే నిలబడిందట. "ఉయ్యాలలో బిడ్డ కాళ్లాడిస్తా ఉండాడు. గూట్లో దీపం ఉండాది. ఆ మాట నాలిక మీదికొచ్చి నిల్చిందే కోడలా. బిడ్డున్న ఇంట్లో, కన్న కూతురింట్లో, ఎట్ల అనేది?" అని నన్ను అడిగేది.  ఆ సాయంత్రం ఆ మాట అనకుండానే ఇంటికి వచ్చేసింది.

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఎండ కూడా వచ్చింది. మా సాలలో పడుకున్న రెండు ఇళ్ల వాళ్లూ గండం గడిచిందనుకుని చాపలు చుట్టుకున్నారు. తడిసిన మన్ను వాన ఆగాక కూడా కూలుతుందని నాకు తెలియదు. వాళ్లకు తెలుసు, కానీ ఎండ చూసిన సంతోషంలో ఎవరికీ గుర్తురాలేదు. అప్పుడు వదిన కూతురు ఒక్కతే తడి వీధిలో నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది.

"అవ్వా, బువ్వకు పిలిచినావంటనే. అమ్మ రేపు పోదాము అనింది. రేపు వచ్చె కదా" అంది.

"మీ అమ్మేదే?" అని అడిగింది అత్త.

"తమ్మునికి పాలిస్తాంది. నన్ను పోవద్దనింది. నేను వచ్చేస్తి."

మిగిలిన రొట్టె చేతికిస్తే నిలబడే తినడం మొదలుపెట్టింది. అది అట్లా తినడం చూసి మా అత్త మొహం చూడలేక నేను పొయ్యి వైపు తిరిగాను. వీధి చివర పెద్ద బస్తా దించినట్టు చప్పుడైంది. తడిమట్టి కదా, దుమ్ము కూడా లేవలేదు. అత్త రొట్టె పళ్లెం అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఒక మాట ఒప్పుకోవాలి, మామ చేసిన ఏర్పాట్లన్నీ సరిగ్గానే పనిచేశాయి. గడ్డపారలు, గంపలు, మిగిలిన పారలు చేతికందేలా మా ఇంట్లోనే ఉన్నాయి. ఏ ఇంటి ఆడవాళ్లు ఎక్కడ నిలబడి గంపలందుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నిన్న బువ్వకు రాని వాళ్లంతా ఇప్పుడు వచ్చి మోకాళ్ల లోతు బురదలో మన్ను ఎత్తారు. మన్ను తీస్తుంటే గిన్నెలు బయటపడ్డాయి. అన్నీ ఉరిసిన నీళ్లకు పెట్టినవే. వండిన గిన్నె ఒక్కటీ లేదు. తర్వాత ముసలామె, ఆ తర్వాత వదిన దొరికారు. బిడ్డ ఆమె కిందనే ఉన్నాడు. ముగ్గురిలో ఎవరికీ ఊపిరి లేదు. వదిన జుట్టులో మన్ను నేనే కడిగాను. అంత ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు, నా సొంత తల్లి పోయినప్పుడు కూడా.

వంక తగ్గాక మధ్యాహ్నానికి మగవాళ్లు వచ్చారు. మామకు దారిలోనే ఎవరో చెప్పారు. వచ్చి కూతురి పక్కన కూర్చుని అత్త వైపు చూశాడు.

"ఏమని పిలిచినావే?"

"నువ్వు చెప్పిన మాటే పిలిచినా. బువ్వకని" అంది అత్త.

వాళ్లిద్దరూ దాని గురించి మళ్లీ మాట్లాడుకోగా నేను వినలేదు. వదిన భర్త కాలువ పని నుంచి వచ్చి, ఆ మన్నుకుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, కూతుర్ని మా దగ్గరే వదిలి మళ్లీ పోయాడు. మామ ఆ తర్వాత ఏ పంచాయితీకీ పోలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఏడు పంట మాత్రం బాగా పండింది. 

మరుసటి ఏడు వానలకు ముందు వీధి వాళ్లు తమంతట తామే కూడారు. చౌడు, గుంజలు, వంతులు అన్నీ మాట్లాడుకున్నారు. మళ్లీ మాట దగ్గరికి వచ్చారు. బువ్వ మాట వద్దు, అది అచ్చిరాలేదు అన్నారు. "భజనకు రాండి అని పిలుద్దాం" అన్నాడొకాయన. మంచి మాటే అని తలలూపారు. మా అత్త ఆడవాళ్లు కూర్చునే చోటు నుంచి లేచి మగవాళ్ల మధ్యకు వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ అట్లా వచ్చిన మనిషి కాదు.

"ఇంగ మంచి మాటలు పెట్టొద్దండి. కూలేదాన్ని కూలుతాదనే చెప్పండి. మీకు నోరు రాకపోతే నేను చెప్తా" అంది.

మగవాళ్లు మళ్లీ చౌడు వంతుల మాటకు పోయారు. ముసురు పట్టగానే ఆమె గోనెసంచి కప్పుకుని బయల్దేరింది. దీపాలు పెట్టే వేళకే ప్రతి గడప ముందూ నిలబడి, "మిద్దె కూలుతాది, బయటికి రాండి" అని కేక వేసింది. లోపలి నుంచి శాపనార్థాలు వినపడ్డాయి. "నీ నోట్లో మన్ను పడ" అన్నారు. "కూతుర్ని మింగి ఇంగ మా మీద పడిందే" అన్నారు. తిట్టుకుంటూనే పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చారు. ఆ ఏడూ, ఆ తర్వాతి ఏళ్లలోనూ మిద్దెలు కూలాయి గానీ మా వీధిలో మనిషి పోలేదు.

దానికి ఆమెకు దక్కిందేమిటంటే, శుభకార్యాలకు పిలవడం మానేశారు. ఆమె నోరు మంచిది కాదని పేరు పడింది. పెళ్లికూతురిని చేసే ఇంటి ముందు ఆమె నడిస్తే తలుపులు దగ్గరగా వేసేవాళ్లు. నాకు సీమంతం చేసినప్పుడు, మీ అత్తను కాసేపు లోపల కూర్చోమను అని ఒకామె నా చెవిలో చెప్పింది. అత్త పిలుపుకే ఆ మాటన్నామె పిల్లలు బతికారు. గాజుల పళ్లెం పక్కకు తోసి పీట మీంచి లేచిపోయాను. అత్తే వచ్చి, "కూర్చోమ్మా, నేను పెరట్లో ఉంటాలే" అని నన్ను కూర్చోబెట్టింది.

వదిన కూతురు మా ఇంట్లోనే పెరిగింది. దాన్ని ఎవరైనా బువ్వకు రమ్మంటే ముందు తలెత్తి మిద్దె వైపు చూసేది. పెద్దదయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

ముసురు పట్టిన సాయంత్రాలు అత్త వెనకాల గొడుగు పట్టుకుని నేను కూడా పోయేదాన్ని. వీధి పొడవునా పిలుచుకుంటూ చివరికి చేరేసరికి ఆమె గొంతు బొంగురుపోయేది. చివర ఇల్లు లేదు. కరిగి కరిగి నడుము ఎత్తుకు దిగిన మన్నుకుప్ప, దాని మీద మొలిచిన తంగేడు చెట్లు ఉండేవి. నేను వెనక్కి తిరగబోతే ఆమె తిరిగేది కాదు. ఆ కుప్ప ముందు ఆగి, మిగతా ఇళ్ల ముందు ఎంత గట్టిగా పిలిచిందో అంత గట్టిగానే, "మిద్దె కూలుతాదమ్మా, బిడ్డను తీసుకొని బయటికి రా" అని పిలిచేది. కాసేపు నిలబడి, తడుచుకుంటూ ఇంటికి నడిచేది.